జాకీ మీద కొలిచిన టైర్లు

ఇది నా చివరి వీలునామా. ఇంతకుముందు రాసిన రెండూ రద్దు. రెండింటినీ నా చేత్తోనే చింపి పొయ్యిలో వేశాను. నాకు డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళు మాట వినడం మానేశాయి గానీ బుర్ర ఇంకా వింటూనే ఉంది. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. ఎవరి బలవంతమూ లేదు, ఎవరి తీపి మాటలకూ లొంగలేదు. కోపం మాత్రం ఉంది. కోపం ఉన్నంత మాత్రాన మతి తప్పినట్టు కాదని వకీలు గారిని అడిగి తెలుసుకున్నాకే కలం పట్టాను.

మీరంతా నన్ను గోడమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనక. నాకు చెవుడు లేదు. ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు అంటుకుందో కింద రాశాను.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత వకీలు గారిది. ఆయన దీన్ని మా అద్దె ఇంటి వెనక షెడ్డు ముందు, బండి పక్కన నిలబడి పైకి చదవాలి. కోర్టులో గొణిగినట్టు గొణిగితే కుదరదు, గొంతు పెంచి చదవాలి. వినవలసినవాళ్ళు: నా మరిది, అతని భార్య అయిన నా తోటికోడలు, మా అన్నయ్య కూతురు అంటే నా మేనకోడలు, టైర్ల షాపు ఆసామి, పాత కార్ల క్లబ్బు సభ్యులు. చివరి పేజీ విడిగా కవరులో పెట్టి అంటించాను. ఆరో అంశంలో చెప్పిన పని పూర్తయ్యేదాకా దాన్ని విప్పకూడదు.

వకీలు గారు నాకొక నియమం చెప్పారు. "అమ్మా, సాక్షి సంతకం పెట్టినవాళ్ళకి ఇందులో ఏం రాసినా చెల్లదు. వాళ్ళ భర్తకో భార్యకో రాసినా చెల్లదు. ఎవరిచేత పెట్టిస్తారో ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచించుకున్నాను. చట్టం ఏమన్నా, ఈ వీలునామాకి అదే షరతు. సాక్షులిద్దరికీ ఈ నియమం వినిపించాకే సంతకాలు పెట్టించాను.

2. నా ఆస్తిలో చెప్పుకోదగ్గది ఒక్కటే. లేత పసుపు రంగు, రెండు సీట్ల, పైకప్పు మడిచే స్పోర్ట్సు కారు. మా పెళ్ళికంటే పాతది. దాన్ని మావారు తుప్పు పట్టిన స్థితిలో కొని, బోల్టు బోల్టూ విప్పి బాగుచేశారు. విప్పడం, బిగించడం ఆయన పని. నడపడం నా పని. ఆయన పక్క సీట్లో కూర్చుని ఇంజను చప్పుడు వింటూ తల ఊపేవారు. ఇరవై ఏళ్ళపాటు ఆ బండి స్టీరింగు ఇంకెవరి చేతికీ వెళ్ళలేదు. కొండల ఘాట్ రోడ్ల మీద, వానలో, పొగమంచులో నడిపాను. ఒక్క గీత పడలేదు.

3. ఇక గోడ సంగతి. ఇది ఆస్తి పంపకం కాదని వకీలు గారు తీసేయమన్నారు. తీసేయను. ఇది రాయడానికే ఈ వీలునామా.

ఆ బండి చక్రాలు సన్నవి. రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు, అంతే. దానికి పట్టే టైరు నూట అరవై ఐదు మిల్లీమీటర్ల వెడల్పుది, పక్క భాగం బాగా ఎత్తుగా ఉండేది, పదిహేను అంగుళాల రిమ్ముది. దానికంటే వెడల్పు వేస్తే టైరు రిమ్ము మీద సరిగ్గా కూర్చోక పక్కలకి ఉబ్బుతుంది. మలుపులో మడ్‌గార్డు అంచుకి తగులుతుంది. టైరు మార్చినప్పుడల్లా మావారికి ఒక పద్ధతి ఉండేది. బండిని జాకీ మీదనుంచి పూర్తిగా నేలకి దింపాలి. సీట్లలో ఇద్దరు కూర్చోవాలి. స్టీరింగు ఇటు చివరకీ అటు చివరకీ తిప్పాలి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఒక వేలు ఆడాలి. ఆడకపోతే ఆ టైరు పనికిరాదు. బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది కాబట్టి ఏ టైరైనా సరిపోయినట్టే కనిపిస్తుంది. ఇది మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసినంత మామూలు సంగతి.

నా మరిదికి మామూలు సంగతులు గిట్టవు. అతనికి గొప్పలు కావాలి. క్లబ్బువాళ్ళు పాత కార్ల ఊరేగింపు పెట్టిన రోజు పొద్దున్నే మా షెడ్డు తాళం తీసి, నాలుగు చక్రాలకీ రెండు వందల ఐదు వెడల్పు టైర్లు వేయించాడు. పోస్టరులో చూసిన ఏదో పందెం కారుకి అవే ఉన్నాయట. ఊరేగింపు వరసలో నేను ఎక్కబోతూ చూసి నిలదీశాను. "ఈ పూటకే వదినా, సాయంత్రం తీసేస్తాగా. జాకీ మీద తిప్పి చూశాను, ఎక్కడా తగల్లేదు. ఎంత దర్జాగా ఉందో చూడు!" అన్నాడు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు. మావారు అప్పటికే సీట్లో కూర్చుని, "పోనీలే, నెమ్మదిగా పోదాం" అన్నారు. పోనిచ్చాను.

మంగలి షాపు దగ్గర ఎడమ మలుపు. బ్రేకు తొక్కి తిప్పాను. బరువంతా కుడి చక్రం మీద పడింది, టైరు మడ్‌గార్డు అంచులో ఇరుక్కుంది, కత్తితో కోసినట్టు తెగింది. స్టీరింగు బిగుసుకుపోయింది. నా రెండు చేతుల బలమూ చాలలేదు. బండి ఫుట్‌పాత్ ఎక్కి మంగలి షాపు గోడని కొట్టింది. మావారి భుజం ఎముక విరిగింది. నాకు పెదవి చిట్లింది. దేవుడి దయవల్ల అడ్డంగా ఎవరూ రాలేదు.

మేం ఆసుపత్రిలో కట్లు కట్టించుకుంటుంటే నా మరిది ఏం చేశాడో తెలుసా? బండిని వర్క్‌షాపుకి లాగించి, వెడల్పు టైర్లు ఊడదీసి, పాతవి బిగించాడు. మర్నాటికి ఊరంతా ఒకటే కథ: "మా వదిన బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కింది." నేను టైర్ల మాటెత్తితే, "ఏ టైర్లు వదినా? దెబ్బ తలకి గానీ తగిలిందా?" అని క్లబ్బులో అందరిముందూ నవ్వాడు. అందరూ నవ్వారు. జనం బండి రంగు చూస్తారు, టైరు వెడల్పు ఎవరు చూస్తారు? గోడమ్మ అన్న పేరు అక్కడే పెట్టాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ప్రతి విందులోనూ, ప్రతి పుట్టినరోజుకీ అదే కథ, అదే నవ్వు. నేను మళ్ళీ స్టీరింగు పట్టలేదు. చేతకాక కాదు. పట్టిన ప్రతిసారీ వీధిలో ఎవడో ఒకడు "గోడలు జాగ్రత్త!" అని అరిచేవాడు.

మావారి మీదా నాకు కోపం ఉంది, అదీ రాస్తున్నాను. ఆయనకి నిజం తెలుసు. మడ్‌గార్డు లోపల టైరు ఒరుసుకున్న గీత చూశారు. అయినా "వాడు చిన్నవాడు, పరువు పోతుంది" అని నోరు మూసుకున్నారు. నా పరువు ఎవరి చిన్నతనానికి కట్టబెట్టారండీ? బండికి మళ్ళీ రంగు వేయించినప్పుడు మాత్రం ఆ గీత మీద రంగు పడనివ్వలేదు. అడిగితే, "ఉండనీ, నాకు గుర్తుండాలి" అన్నారు. ఆయన నన్ను సమర్థించిన తీరు అదొక్కటే. అది చాలలేదని ఆయన పోయే ముందు మొహం మీదే చెప్పాను. ఏడ్చారు. నేనూ ఏడ్చాను. క్షమించానో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

4. నా రేడియో, దాని మీద కప్పే ఎంబ్రాయిడరీ గుడ్డతో సహా, మంగలి షాపు ఆయనకి. తన గోడ కూలినా ఒక్క మాట అనకుండా, గెడ్డాలు తుడిచే తువ్వాలు తడిపి నా పెదవికి అద్దిన మనిషి. ఆ రోజంతటిలో నన్ను మనిషిలా చూసినవాడు ఆయనొక్కడే. స్టేషను కుదరకపోతే పైన ఒక్కటి తట్టాలి.

మావారి టైరు గాలి చూసే గేజి, జాకీ, పానాల పెట్టె టైర్ల షాపు ఆసామికి. ఆయన అప్పట్లో ఇంకా షాపు పెట్టలేదు కాబట్టి ఈ గొడవలో ఆయన పాపం లేదు. "వెడల్పు వేస్తే బాగుంటుంది" అని ఎవరొచ్చి అడిగినా, "దించి, కూర్చోబెట్టి, తిప్పి చూద్దాం" అని చెప్పే షాపు అదొక్కటే.

క్లబ్బుకి ఏమీ లేదు. నవ్వినందుకు.

5. ఇప్పుడు బండికున్న నాలుగు టైర్లూ, డిక్కీలోని స్టెప్నీతో కలిపి అయిదూ, బండితో సంబంధం లేకుండా విడిగా నా మేనకోడలికి చెందుతాయి. తను సిటీ బస్సు డ్రైవరు. అంత పెద్ద బస్సుని సందుల్లో తిప్పే పిల్ల నా మాట మొదటిసారి విన్నప్పుడే, "అత్తా, జాకీ మీద చూసుంటాడు వెధవ" అంది. అన్నేళ్ళ తర్వాత ఒకరు నన్ను నమ్మారు. కడుపు నిండింది. ఆ సైజు టైర్లు ఇప్పుడు దొరకవని అందరూ అంటుంటే, తనే వెతికి వెతికి తెప్పించింది. కాబట్టి అవి తనవి.

6. బండి నా మరిదికి.

అవును, సరిగ్గానే చదివారు వకీలు గారూ, ఆగకండి. నా మరిది ఎప్పటినుంచో దాని చుట్టూ తిరుగుతున్నాడు. "నీకెందుకు వదినా, ఎలాగూ నడపవుగా" అని నవ్వుతూనే అడిగేవాడు. ఇస్తున్నాను. ఒకే షరతు. షెడ్డు మూలన గోనె కింద అతని వెడల్పు టైర్లు నాలుగూ ఉన్నాయి. ఒకటి తెగింది, మూడు బాగున్నాయి. అవి నా దగ్గరికి ఎలా వచ్చాయా అని గుటకలు మింగకు మరిదీ, అదీ తెలుస్తుంది. టైర్ల షాపు ఆసామి వాటిలో రెండు బండి ముందు చక్రాలకి ఎక్కించి, జాకీ దించాలి. నా మరిది స్టీరింగు ముందు కూర్చోవాలి. పక్కన వకీలు గారు కూర్చోవాలి, మనిషి బరువైనవారే కాబట్టి సరిపోతుంది. గేటు దాటకుండా, అడుగులో అడుగు వేస్తున్నంత నెమ్మదిగా పోనిస్తూ, స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పి బ్రేకు తొక్కాలి.

చప్పుడు అందరికీ వినిపిస్తుంది. క్లబ్బువాళ్ళు వంగి మడ్‌గార్డు లోపల చూడాలి. పాత గీత, కొత్త గీత ఒకే చోట ఉంటాయి.

అప్పుడు నా మరిది దిగి, అందరూ వినేలా ఈ మాట అనాలి: "ఆ రోజు తప్పు వదినది కాదు. నేను వేయించిన టైర్లది. తెలిసే అబద్ధం చెప్పాను." అంటే బండి అతనిది. అనకపోతే కాదు. అంటాడు. నాకు తెలుసు. పరువా, బండా అంటే బండే అంటాడు. పళ్ళు నూరుకుంటూనైనా అంటాడు.

7. ఈ వీలునామాలో రాసినదేదైనా ఏ కారణంవల్లనైనా చెల్లకపోతే, ఆ వస్తువు నా మేనకోడలికి చెందుతుంది. ఇల్లు అద్దెది. తాళాలు ఇంటాయనకి ఇచ్చేయండి.

ఇక్కడ ఆపి, ఆరో అంశం పని పూర్తిచేసి, తర్వాత కవరు విప్పండి.

(చివరి పేజీ)

8. అన్నావా మరిదీ? అనేసి ఉంటావు. నీ నోట ఆ మాట వినడానికి నేను అక్కడ లేను, అదొక్కటే నా దిగులు. క్లబ్బువాళ్ళు విన్నారుగా, చాలు. ఇకనుంచి విందుల్లో చెప్పుకోవడానికి వాళ్ళకి కొత్త కథ దొరికింది.

ఇప్పుడు నీ టైర్లు నా దగ్గరికి ఎలా వచ్చాయో చెబుతాను. నీ గోడౌనులో నువ్వు దాచినవాటిని రెండు విడతలుగా ఆటోలో వేసుకొచ్చి నాకు అప్పజెప్పింది నీ భార్య. నేర్చుకుంటాను, నడుపుతాను అని తను అడిగిన ప్రతిసారీ "మా వదినని చూశావుగా, ఆడవాళ్ళకి స్టీరింగు ఇస్తే గోడే గతి" అని నోరు మూయించావు. నా మీద చెప్పిన అబద్ధంతో నీ ఇంట్లో మనిషిని కూడా ముప్పై ఏళ్ళు పక్క సీట్లోనే కూర్చోబెట్టావు. నా ఒక్కదాని సంగతే అయితే కొంచెం మెత్తబడేదాన్నేమో. తన సంగతి తెలిశాక లేదు.

నా తోటికోడలికి ఈ వీలునామాలో ఏమీ రాయలేదు. రాయకూడదు గనక. నేను బండి నడిపేటప్పుడు వేసుకున్న తోలు గ్లవ్సులు మాత్రం ఈ రోజే తన చేతికి ఇచ్చేశాను. సరిగ్గా సరిపోయాయి. పోయిన నెల తనకి లైసెన్సు వచ్చింది. నేర్పింది మేనకోడలు.

మొదటి అంశంలో వకీలు గారు చెప్పిన నియమం, ఏడో అంశంలో నేను రాసిన మాట ఇంకోసారి గుర్తుచేసుకుని, కింద రెండో సాక్షి ఎవరో చూసుకో. ఆ తర్వాత బండి తాళం చెవి నీ భార్య చేతికి ఇవ్వు. టైర్లు మార్చాక మేనకోడలితో కలిసి ఇంటికి నడుపుకెళ్తుంది. నువ్వు ఆటోలో రా.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం, పొద్దున.

సంతకం: గోడమ్మ

సాక్షులు:

1. మంగలి షాపు గోడ మళ్ళీ కట్టిన తాపీ మేస్త్రీ

2. నా తోటికోడలు, మరిది గారి భార్య (గ్లవ్సులు తీయకుండానే సంతకం పెట్టింది)