నాకంటే ముందొచ్చిన వీల్ క్యాప్

తమ్ముడు వెర్లిన్‌కు, సలైనా నుంచి అక్క ఆర్లీన్ దీవెనలు. నేనూ బాగున్నాను, నా ముసలి డార్ట్ కారూ బాగుంది.

ఆదివారం దాన్ని సంత మైదానంలో పోటీకి తోలాను. నవ్వకు. రోడ్డు పనుల దగ్గర పెట్టే కోన్లు వరసగా పెడతారు, వాటి మధ్య నుంచి ఒక్కొక్కరే మెలికలు తిరిగి రావాలి, ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్లు గెలిచినట్టు. పక్కన ఇంకో కారుండదు, రెండో గేరు దాటే పనీ లేదు. కోన్ తగిలిన మరక గుడ్డతో తుడిస్తే పోయింది. కారులో వదులుగా ఉన్నవన్నీ తీసేయమని, చక్రాల మీది మూతలు, అవే వీల్ క్యాపులు, కూడా విప్పమని తనిఖీ చేసే డ్వేన్ ముందే చెప్పాడు. గొడుగు తీసే హడావుడిలో క్యాపులు మరిచాను. చివరి మలుపులో ఒకటి ఊడి, దొర్లుకుంటూ నాకంటే ముందు ముగింపు గీత దాటింది. "పెద్దమ్మా, నీ క్యాపు గెలిచింది! నువ్వు నిదానంగా రా" అని మైకులో అరిచాడు ఆ డ్వేన్ వెధవ.

మరదలు లోర్నా పోయాక నీ ఫాల్కన్ కారుకు దుప్పటి కప్పేశావు, ఇప్పుడేమో అమ్మేస్తానంటున్నావు. అమ్మితే అమ్ము, ముందు ఒక్కసారి ఇక్కడ తోలు. వచ్చే నెల మళ్లీ పెడుతున్నారు. నీ బుర్రకు పట్టే హెల్మెట్ అడిగి ఉంచాను. బ్యాటరీ చూపించు. మోకాలు ఎలా ఉంది? మీ దోసకాయ ఊరగాయ ఒక సీసా తే.

నీ కారు డాష్‌బోర్డు అరలో లోర్నా చలవ కళ్లద్దాలు ఉంటాయి. వాటిని ఇక్కడ వరసలో నిలబడి అందరి ముందూ తీయకు. ఇంటి దగ్గరే, తీరిగ్గా తీసుకో. వీల్ క్యాపులు నేను విప్పుతాను.

చల్లగా ఉండు.
మీ అక్క