అమ్మ నోట ఇంగ్లీషు ఇడియం

నాన్నా,

తమ్ముడు నీ ఉద్యోగంలో చేరాడు. నిన్న గూడ్సు బండి మీద వాడి మొదటి డ్యూటీ.

అన్నాల దగ్గర రోజుకో ఇంగ్లీషు ఇడియం చెప్పేవాడివి. దాన్ని ఇంటి సంగతికి అతికించి వాడితేనే మాకు పెరుగు. పప్పు మాడిన రోజు నేను "నో యూజ్ క్రయింగ్ ఓవర్ స్పిల్ట్ మిల్క్" అన్నాను. ఒలికిన పాల మాట పప్పుకీ పనికొచ్చిందని మెచ్చుకుని, అమ్మ చేత ఇంకో గరిటె పెరుగు వేయించావు.

డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తే గుమ్మంలోనే "బెటర్ లేట్ దేన్ నెవర్" అనేవాడివి. అసలు రాకపోవడం కన్నా ఆలస్యమే నయమని అమ్మకి అర్థం చెప్పేవాడివి. చివరిసారి మాత్రం డ్యూటీలోనే నీ గుండె ఆగిపోయింది.

నిన్న మధ్యాహ్నం రావాల్సిన తమ్ముడు దీపాలు పెట్టే వేళకీ రాలేదు. అమ్మ క్వార్టరు గుమ్మంలోంచి కదల్లేదు. కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. చివరికి వాడొచ్చాడు.

"రాయపూర్ ఔటర్లోనే బండి ఆపేశారమ్మా, సిగ్నల్ ఇవ్వలేదు."

అమ్మ వాడి చేతిలో పెట్టె అందుకుని, "బెటర్ లేట్..." అంది.

ఆ తర్వాతి మాట ఆవిడ నోట రాలేదు. లోపలికెళ్లి కంచం పెట్టి, వాణ్ణి ఏమీ అడక్కుండానే పెరుగు వేసింది.