అన్నయ్య కోసం చేసిన ఉప్పు తక్కువ సాస్

వదినా, అన్నయ్యను నిన్న మధ్యాహ్నం ఆసుపత్రిలో చేర్చాను. ఇప్పుడు ప్రమాదం లేదు. ఫోన్లో మీకు నీరసమని మాత్రమే చెప్పాను. అసలు కారణం నేను చేసిన మిరపకాయ సాస్.

బదిలీ మీద నా గదికి వచ్చినప్పటి నుంచి అన్నయ్య ఉప్పులేని కంచం ముందు గొణుగుతూనే ఉన్నాడు. బీపీకి కారం అడ్డం కాదు కదా అని పండుమిరపకాయలు, వెల్లుల్లి వెనిగర్‌లో ఉడికించి రుబ్బాను. నాలుక్కి రాసుకుని, "ఒరేయ్, మంట సరే, రుచేదిరా?" అన్నాడు. దుకాణంలో సోడియం తక్కువ ఉప్పు దొరికితే తెచ్చి కలిపాను. ఇక ప్రతి ముద్దా అందులో అద్దుకునే తిన్నాడు.

ఆ ఉప్పులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారట. అన్నయ్యలా కిడ్నీలు బలహీనమైన వాళ్లకు అది ఒంట్లో పేరుకుని గుండెకే ముప్పు తెస్తుందట. ప్యాకెట్ వెనకవైపు ఆ హెచ్చరిక ఉంది. ఎవరేం చెప్పినా మరొకరిని అడిగిగానీ వార్త రాయని నేను, ముందువైపే చదివి ఊరుకున్నాను.

"మీ వదినకు చెప్పావో, ఇద్దరికీ ఉతుకుడే" అంటున్నాడు మంచం మీంచి. నన్నే తిట్టండి, ఆయన్ని వదిలేయండి.

పాత రక్తపరీక్షల కాగితాలు డాక్టరు అడిగారు, పంపండి. ఉప్పు లేకుండా ఆయన చేత అన్నం ఎలా తినిపించేవారో కూడా రాయండి. పాపకు జ్వరం తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

రేపు పొద్దున మళ్లీ రక్తం తీస్తారు. పొటాషియం దిగితే సాయంత్రం నా గదికి పంపిస్తారు.