అచ్చులో లేని నీలా

సూర్యాపేట,
4-11-1996

పుష్పా, నా తల్లీ,

మీ పిన్ని ఇంటికి ఫోన్ చేస్తే నువ్వు స్నానం చేస్తున్నావని చెప్పింది. పొద్దున చేసినా స్నానమే, మధ్యాహ్నం చేసినా స్నానమే, సాయంత్రం చేసినా స్నానమే. మిర్యాలగూడలో కాలువ నీళ్లకు కరువు లేదని తెలుసు గాని, మరీ ఇంతగానా? ఫోనైతే తప్పించుకుంటావు. ఉత్తరాన్ని ఎప్పుడో ఒకప్పుడు విప్పక తప్పదని రాస్తున్నాను.

కోదాడలో నీ ఉద్యోగం పోయి పదిహేను రోజులైంది. జరిగింది నీకు తెలియనిది కాదు. అయినా వరసగా రాస్తే నా బుర్రకైనా ఒక దారి దొరుకుతుందేమో. ట్రస్టు వాళ్ల నర్సు శిక్షణకు నలభై మంది ఆడపిల్లలను ఎంపిక చేశాం. ఎంపిక కమిటీకి పెద్దను నేను. ముప్పై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినదానికి ఇంకేం పని ఇస్తారు? దరఖాస్తులన్నీ మీ కంప్యూటర్ సెంటరుకు పంపాం. నువ్వు వాటిని మిషన్‌లోకి ఎక్కించి, జాబితా అచ్చు వేసి పంపావు. జూన్‌లో దాన్ని గేటుకు అంటించాం. ఇక్కడ ఎవరికీ విడిగా ఉత్తరాలు వెళ్లవు, గేటు మీద పేరుంటే వారంలో వచ్చి చేరాలి. ముప్పై తొమ్మిది మంది చేరారు. ఒకరెవరో రాలేదనుకుని ఆ సీటు తరవాతి అమ్మాయికి ఇచ్చేశాం.

అక్టోబరులో పాలకీడు అవతల తండా నుంచి బాల్యా అనే ఆయన వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "అమ్మా, కిష్ట్యా బిడ్డ కన్న మా నీలాకే మార్కులు ఎక్కువొచ్చినయ్. దానికి సీటు వచ్చింది, మా పిల్లకెందుకు రాలె? జర బుక్కు సూడుండ్రి" అన్నాడు. రిజిస్టరు తీసి చూశాం. ఆ తండాలో బాణోతు నీలాలు ఇద్దరు. కిష్ట్యా కూతురు ఒకతె, బాల్యా కూతురు ఒకతె. ఇద్దరూ ఎంపికైనవాళ్లే. అచ్చు కాగితంలో మాత్రం నీలా ఒక్కతే ఉంది.

కమిటీలో అందరూ నా వైపు చూశారు. "కంప్యూటర్‌లో ఏదో పొరపాటు. కోదాడలో అమ్మాయి చేసింది" అన్నాను. ఆ అమ్మాయి నా మనవరాలని అందరికీ తెలుసు. సొంత మనిషిని కూడా వెనకేసుకు రాలేదని నన్ను మెచ్చుకున్నారు. ఆ మాట మీ సెంటరు యజమాని రాజారత్నం చెవిన పడటం, ఆయన నిన్ను రేపటి నుంచి రావద్దనడం ఒక్క రోజులో అయిపోయాయి.

మొన్న శుక్రవారం నేనే కోదాడ వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ప్రింటరు రిబ్బను పాతదైపోయిందండీ మేడంగారూ, అందుకే ఒక లైను పడలేదేమో" అన్నాడు. కొత్త రిబ్బను వేయించాను. ముప్పై తొమ్మిదే. "అయితే కాగితం పొడుగండీ. పన్నెండు అంగుళాల కాగితం పెట్టి మిషన్‌కు పదకొండని చెప్తే మడత మీద పడ్డ లైను పోతుంది" అన్నాడు. అది సరిచేయించాను. మళ్లీ ముప్పై తొమ్మిదే. ప్రింటరు మాత్రం పళ్లు కొరుకుతున్నట్టు గీపెడుతూ మూడుసార్లు అదే జాబితా కక్కింది. చివరికి, "అచ్చు వద్దు, ఆ పేర్లు అట్లాగే ఫ్లాపీలోకి పంపించి చూపించు" అన్నాను. ఫ్లాపీలో నలభై ఉన్నాయి! ఇద్దరు నీలాలూ ఒకరి కింద ఒకరు బుద్ధిగా కూర్చుని ఉన్నారు.

అంటే పేరు మిషన్‌లో ఉంది, కాగితం మీదికి రావడం లేదు. రాజారత్నం అచ్చు నమూనా తెరిచి ఒక్కో గడినీ చూస్తూ పోయాడు. పేరు గడి దగ్గర రెండు గుర్తులు కనిపించాయి. పై వరసలో ఉన్నదే మళ్లీ వస్తే అచ్చు వేయొద్దని ఒకటి. వరస ఖాళీగా మిగిలితే దాన్ని తీసేసి కింది వరసను పైకి జరపమని రెండోది. అవి నువ్వే పెట్టావని అంటున్నాడు. ఎందుకు పెట్టావో రెండు ముక్కలు రాయి. కమిటీకి చూపించి నీ మీద పడ్డ మాట తీయిస్తాను.

నీ మంచి కోరే
అమ్మమ్మ


సూర్యాపేట,
19-11-1996

నా పుష్పకు,

రెండు ముక్కలు రాయమంటే కార్డు మీద ఒక్క ముక్కే రాశావు. "ఎవరు చెప్తే పెట్టిన్నో నీకు యాది లేదా అమ్మమ్మా?" అంతే. కింద సంతకం కూడా లేదు. పోస్ట్‌మన్ చదివే ఉంటాడు, ఇచ్చేటప్పుడు నా మొహం వంక చూడలేదు.

యాది ఉందమ్మా. కోదాడలో ఆ రెండు గుర్తులు తెర మీద చూసిన క్షణంలోనే యాదికొచ్చింది. తెలిసీ తెలియనట్టు నీకు ఆ ఉత్తరం రాశాను. ఎందుకు పెట్టావని నిన్నే అడిగాను. డెబ్భై ఏళ్లు దగ్గరపడుతుంటే నేర్చుకున్న కొత్త విద్య ఇది.

నువ్వు మొదట పంపిన జాబితా బాగానే ఉంది. వరస నంబరు, మండలం, ఊరు, పేరు, తండ్రి పేరు అన్నీ ఉన్నాయి. నాకే నచ్చలేదు. ఎస్‌టీడీ బూత్‌లో నిలబడి నీకు ఫోన్ చేశాను. నంబర్లు తీసెయ్యమన్నాను, ఎవరు ముందు ఎవరు వెనక అని తండ్రులు కొట్లాడుకుంటారని. తండ్రి పేరు తీసెయ్యమన్నాను, సీటు వచ్చింది పిల్లకు గాని వాళ్ల నాయనకు కాదని. అప్పుడు నువ్వు, "అమ్మమ్మా, తండాలల్ల ఒక్క పేరే ఇద్దరు ముగ్గురికి ఉంటది. తండ్రి పేరు ఉండనియ్యి" అన్నావు. నేనేమన్నాను? "నువ్వు మిషన్ సంగతి చూడు, లోకం సంగతి నేను చూస్త." పక్క బూత్‌లో ఉన్నాయన నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఇంకా ఊపొచ్చింది. పాలకీడు, పాలకీడు అని వరసవరసకూ ముద్ర గుద్దినట్టుంది, రెండోసారి వచ్చిందల్లా తీసెయ్యమన్నాను. "పేరు కూడానా?" అన్నావు. "అన్నీ" అన్నాను.

రెండో కాగితం వచ్చింది. మధ్యలో ఒక వరస ఖాళీ. ఊడిన పన్నులాగా ఉంది, దాన్ని కూడా పూడ్చమని మళ్లీ ఫోన్ చేశాను. పుష్పా, ఆ ఖాళీ వరసే బాల్యా కూతురు. మండలం అదే, ఊరు అదే, పేరు అదే, ఇక ఆ పిల్లకని వేరుగా మిగిలింది తండ్రి పేరొక్కటే. దాన్ని అంతకు ముందే నేను ఆదర్శం పేరు చెప్పి తీసేయించాను.

ఇంతవరకూ నీకు తెలిసిందే. నీకు గాని, కమిటీకి గాని, బాల్యాకు గాని తెలియనిది ఒకటుంది. జాబితా అంటించిన రోజు ఆ పిల్లలిద్దరూ గేటు దగ్గరికి వచ్చారు. ఒకే బస్సు దిగి, ఒకే రంగు రిబ్బన్లు కట్టుకుని. ఒకటే పేరు చూసి చెరో వైపు నుంచి దాని మీద వేలు పెట్టారు. మన ఆయా నర్సమ్మ వాళ్లను నా దగ్గరికి తీసుకొచ్చి, "అమ్మగారూ, గీ ఇద్దరు నీలాలేనట. గేటుకు ఒక్క నీలానే ఉన్నది. ఎవల్ని లోపలికి తోల్కపోవాలె?" అంది. పిల్లలు నవ్వుకుంటున్నారు. వాళ్లకది తమాషాగా ఉంది.

రిజిస్టరు నా బల్ల మీదే ఉంది. తెరిచాను. వేలు పెట్టి వెతికాను. "బాణోతు నీలా, తండ్రి కిష్ట్యా" అని కనిపించగానే, "కిష్ట్యా కూతురు ఎవరు?" అని అడిగి పుస్తకం మూసేశాను. రెండో పిల్ల, "టీచరమ్మా, జర కిందికి సూడుండ్రి, నాది గూడ ఉంటదేమో" అంది. "జాబితాలో ఒకే పేరుంది. కంప్యూటరు అబద్ధం చెప్పదు" అన్నాను. కింది గీతలోనే ఉంది ఆ పిల్ల. నా వేలు ఒక్క గీత దిగి ఉంటే సరిపోయేది. ఆ పిల్ల ఆరోజే చేరడానికి స్నేహితురాలు తెచ్చుకున్న ట్రంకు పెట్టె ఒక చివర పట్టుకుని హాస్టలు దాకా మోసి, ఒట్టి చేతులతో బస్సెక్కింది.

బాల్యా వచ్చి అడిగిన రోజు, రిజిస్టరు తెరవగానే ఆ పేజీ నాకు చప్పున దొరికింది. కమిటీ వాళ్లు నా చురుకుదనం చూసి ఆశ్చర్యపోయారు. నాకు ఆ పేజీ కొత్త కాదు మరి. అప్పుడు నోరు తెరిచి ఉంటే నీ ఉద్యోగం పోయేది కాదు. తెరిచాను గాని, నీ పేరు చెప్పడానికి తెరిచాను.

ఇదంతా రాసి కమిటీకి ఇస్తాను. ఆ పిల్ల దగ్గరికీ వెళ్తాను. అప్పటిదాకా నువ్వు నన్ను క్షమించనక్కర లేదు. ఆ తరవాత కూడా తొందరేమీ లేదు.

అమ్మమ్మ


సూర్యాపేట,
9-1-1997

పుష్పలతకు,

ఈసారి ఆరు పేజీలు రాశావు. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను. దానికి జవాబు ఇచ్చే ముందు ఇక్కడి సంగతులు రాస్తాను, ఎందుకంటే జవాబు వాటిలోనే ఉంది.

కమిటీకి కాగితం ఇచ్చాను. గట్టిగా చదివి వినిపించాను కూడా. తప్పు నీది కాదని రాజారత్నానికి వాళ్లే ఉత్తరం పంపారు. నన్ను ఎవరూ తిట్టలేదు. "పెద్దవారు, పొరపాటు జరుగుతుంటది మేడం" అన్నారు. నీకైతే పొరపాటుకు ఉద్యోగం పోయింది, నాకు టీ ఇచ్చారు. కమిటీ పెద్దరికం నేనే వదిలేసి వచ్చాను. జనవరి జట్టులో నీలాకు సీటు ఇవ్వమని మాత్రం అడిగాను. ఒప్పుకున్నారు.

ఆ మాట చెప్పడానికి తండాకు వెళ్లాను. నీలా లేదు. తల్లితో కలిసి మేళ్లచెరువులో సున్నపురాయి లారీలకు ఎత్తే పనికి వెళ్తోందని బాల్యా చెప్పాడు. అక్కడికి వెళ్లాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తల నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉంది. గుర్తు పట్టలేకపోయాను. ఆ పిల్లే నన్ను గుర్తు పట్టింది. జరిగిందంతా నిలబడే చెప్పాను. విని, గుడ్డ కిందికి దించి, "అయితే నా పేరు మీ బుక్కుల ఆ దినమే ఉండెనా?" అంది.

"ఉంది."

"మీ ముంగటనే?"

"నా వేలు కిందనే."

"ఆరు నెలల సంది తండాల నన్ను అబద్ధాల నీలా అంటున్రు టీచరమ్మా. ఫెయిలై పాసైన్నని చెప్పిందని. మా అమ్మ గూడ ఒకపాలి అడిగింది, నిజం చెప్పవే అని." అంతవరకు చెప్పి చేతులు తుడుచుకుంది. వేళ్ల చివర్లు చిట్లి ఉన్నాయి. "సీటు తీస్కుంట. అది నాదే గదా, మీరు ఇచ్చుడేంది? గని మీరు చేసింది మాఫీ అంటే మాత్రం నాతోని కాదు."

తలూపాను. ముప్పై ఏళ్లలో నాకు ఏ విద్యార్థీ అంత సరిగ్గా జవాబు చెప్పలేదు.

రెండో తారీకున చేరింది. కిష్ట్యా కూతురు ఇప్పుడు సీనియర్. జూనియర్లంతా సీనియర్లను అక్కా అని పిలవాలని హాస్టలు నియమం. ఆ నియమం పెట్టింది కూడా నేనే, ఎనిమిదేళ్ల కింద. మొన్న బావి దగ్గర ఆ పిల్ల తన ఈడు స్నేహితురాలిని, ఆరోజు తాను ఎవరి పెట్టె మోసిందో ఆ స్నేహితురాలిని, "నీలక్కా, బొక్కెన ఇయ్యవా?" అని అడగడం విన్నాను. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. నర్సమ్మకు దండం పెడుతుంది, వంటావిడకు పెడుతుంది. నేను ఎదురైతే పక్కకు జరిగి దారి ఇస్తుంది.

ఇక నీ ఆరు పేజీలు. అచ్చు తీసి కవరులో పెట్టేటప్పుడు తెర మీద నలభై అని, కాగితం మీద ముప్పై తొమ్మిది అని నీకు ఆరోజే తెలుసని రాశావు. ఫోన్ చేద్దామని బూత్ దాకా వెళ్లి, "లోకం సంగతి నేను చూస్త" అన్న నా మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగానని రాశావు. ఒక్కసారైనా అమ్మమ్మ నలుగురిలో తప్పు పడాలె, తెల్లారి ఎట్లాగూ తెలుస్తది, అప్పుడు నన్నే అడుగుతది అనుకున్నానన్నావు. తెల్లారలేదు. నేను అడగలేదు. నువ్వు చెప్పలేదు. మన ఇద్దరి పంతం మధ్యలో మనతో ఏ పంతమూ లేని పిల్ల ఆరు నెలలు రాళ్లెత్తింది.

నీ మీద కోపం వచ్చిందా అని అడిగావు. వచ్చింది. ఒక పూట ఉంది. తరవాత ఆ మొండితనం ఎవరి దగ్గర నేర్చుకున్నావో ఆలోచిస్తే, కోపగించుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

"అమ్మమ్మా, నువ్వే ఆ పిల్లకు నా మాట కూడా చెప్పు" అని చివర్లో రాశావు చూడు, అది మాత్రం చెయ్యను. కమిటీకి చెప్పలేదు, మీ పిన్నికి చెప్పలేదు, ఆ పిల్లకూ చెప్పను. నీ మీద లేని తప్పు నలుగురిలో వేసినదాన్ని, ఉన్న తప్పు నీ చేతి నుంచి తీసుకునే హక్కు నాకు లేదు. ఆ పిల్ల నిన్ను కూడా మాఫీ చెయ్యకపోవచ్చు. మొహం మీదే చెప్తుంది, సిద్ధపడి రా.

హాస్టల్లో ఆదివారాలు మూడింటి నుంచి ఐదింటి దాకా చూడటానికి రానిస్తారు. ఎవరి కోసం అని అడుగుతుంది నర్సమ్మ. బాణోతు నీలా, బాల్యా బిడ్డ అని చెప్పు. నేను ఆరోజు గేటు దగ్గర ఉండను.

నీ అమ్మమ్మ,
కృష్ణకుమారి