రెండు పిడికిళ్ల మన్ను

మంగఫ్,
నవంబరు 6

ఆంజి వాళ్ల నాయనకు,

దూరాన ఉండి నీ కాళ్లకు మొక్కి మద్దమ్మ రాస్తున్నది. ఈ ఉత్తరం ఎవరితోనూ చదివించుకోవద్దు. నాలుగో తరగతి దాకా పోయినావు కదా, కూడబలుక్కొనైనా నువ్వే చదువుకో. ఫోనులో చెప్పబోతే ఇక్కడ నేను ఏడుస్తాను, అక్కడ నువ్వు ఏడుస్తావు, ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం. ఐదు నెలలుగా ఇదే. అందుకే రాజంపేటకు పోతున్న శివపార్వతి చేతికిచ్చి పంపుతున్నాను.

ఆంజి పెట్టెలో ఇంటికొచ్చిన రోజు నువ్వు ఫోనులో ఒక మాట అడిగినావు. "పిల్లోని మెడకు ఆ కట్టేందే?" అని. ఆస్పత్రిలో గొట్టం వేసినారని చెప్పినాను. ఐసు మీద జారి పడినాడని చెప్పినాను. రెండూ అబద్ధాలే. మన ఆంజి పడలేదు. వాణ్ని కొట్టినారు.

మా పని నీకు తెలుసు. ఐసు మైదానంలో ఆటగాళ్ల గుడ్డలు ఉతకడం నాది, ఐసును నున్నగా చేసే బండి తోలడం ఆంజిది. ఆట సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కాళ్ల కింద కత్తులు బిగించుకొని, చేతిలో వంకర కర్ర పట్టుకొని, ఐసు గడ్డ మీద జారుతూ నల్ల రబ్బరు బిళ్లను కొడతారు. రాయంత గట్టి బిళ్ల అది. బిళ్ల అందకపోతే మనుషులను కొడతారు. అట్లా కొట్టడానికే జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఒకడుంటాడు. మా జట్టులో వాని పేరు అబ్బాస్. ఈ అరబ్బు దేశపు మనిషే. చలి దేశాల్లో పదకొండేళ్లు కూలికి ఆడి వచ్చినాడు. నోట్లో ముందు పళ్లు నాలుగు లేవు.

నేను ఆట చూడను, గుడ్డలు చూస్తాను. నాకు అదే చాలు. రక్తం మరకకు వేడినీళ్లు తగిలితే ఇంకా పట్టుకుంటుంది, చన్నీళ్లే పెట్టాలి. అబ్బాస్ చొక్కా మీద ఎప్పుడూ ఎదుటివాళ్ల రక్తమే ఎక్కువ. ఒకసారి కాలరు మడతలో పన్ను దొరికింది. ఎవరిదో.

సాధన రోజుల్లో గోలు కాసేవాడు రాకపోతే ఆంజిని నిలబెట్టేవాళ్లు. వానికి అది తిరునాళ్లే. "అమ్మా, పది కొడితే ఏడు పట్టినా తెల్సా!" అని చెమట కారుతా వచ్చి చెప్పేవాడు. జూన్‌లో ఆ రోజు కూడా అట్లనే నిలబడినాడు. నేను తువ్వాళ్లు తీసుకొని ఐసు చుట్టూ ఉండే గట్టు దాకా పోయినాను. అబ్బాస్ కర్ర తల మీదికెత్తి కొట్టినాడు. బిళ్ల కనపడలేదు, చప్పుడే వినపడింది. పచ్చి కొమ్మ విరిగినట్టు. ఆంజి రెండు చేతులతో గొంతు పట్టుకొని మోకాళ్ల మీద కూర్చున్నాడు. నా వైపు చూసినాడు. నోరు తెరిచినాడు, మాట రాలేదు, రక్తం వచ్చింది. నేను చెప్పులతోనే ఐసు మీదికి పరుగెత్తి పడి, పాకుకుంటా పోయేసరికి వాని పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగినాయి. నా ఒళ్లోనే కాళ్లు తన్నుకున్నాడు. వాని కాళ్ల కత్తులు ఐసును గీరిన గీతలు సాయంత్రం దాకా అట్లనే ఉన్నాయి. వాటిని చెరిపే బండి తోలేవాడు లేడు కదా.

ఆటలో జరిగింది, ఖలాస్ అన్నారు. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కాగితం ఆఫీసులో ఇరుక్కుని ఆంజి పెట్టె వెంట రాలేకపోయినాను. కాగితం వచ్చి మూడు నెలలైంది. రమ్మని నువ్వు పిలుస్తున్నావు. రాను. ఎందుకో చెబుతాను. అబ్బాస్ ఆట మానేస్తున్నాడంట. పిల్లలకు కోచ్‌గా పెడుతున్నారంట. కొట్టడం తప్ప ఏమీ తెలియని చేతుల్లో తల్లులు పిల్లలను పెట్టాలంట. అది నేను జరగనివ్వను.

నువ్వు ఒక పని చెయ్యి. రోజూ పొద్దున చేని గట్టున మన ఆంజిని పూడ్చిన చోటికి పో. పిడికెడు మన్ను తీసి, అబ్బాస్ పేరు చెప్పి, దుమ్మెత్తి పొయ్యి. వాడు నాశనమైపోవాలని నోరారా తిట్టు.

ఇంకో మాట ఉంది. దానికి నా చెయ్యి రావడం లేదు.

కడుపు కాలిన నీ
మద్దమ్మ


మంగఫ్,
నవంబరు 28

ఆంజి నాయనా,

ఫోను ఎత్తలేదని కోపం చేసుకోవద్దు. రోజూ మన్ను పోస్తున్నానని మెసేజ్ పెట్టినావు, చదివినాను. నీ గొంతు వింటే మెత్తబడిపోతానని ఎత్తలేదు.

నిన్న అబ్బాస్ ఆఖరి ఆట. ఈసారి నేను గుడ్డలు కాదు, ఆటే చూసినాను. ఎదుటి జట్టులో ఒకడు వాని చెవి దగ్గరికొచ్చి ఏదో అన్నాడు. గోలు కాసే పిల్లోణ్ని చంపినోడా అన్నాడని తర్వాత తెలిసింది. అబ్బాస్ చేతి తొడుగులు తీసి పారేసి, వాని తలకాయ చంకలో ఇరికించుకొని గుద్దినాడు. ముక్కు పగిలింది. కింద పడినా వదల్లేదు. ముగ్గురు పట్టుకొని లాగితే గానీ లేవలేదు. ఐసు మీద చాటంత ఎర్రగా అయింది. జనం లేచి ఈలలు వేసినారు. నా కొడుకు పేరు మీద కూడా వానికి కొట్టడమే వచ్చు, చూసినావా?

ఆ చొక్కా నా దగ్గరికే వచ్చింది. ఉతకలేదు. నాలుగుగా మడిచి దిండు కింద పెట్టుకున్నాను. స్కేటు కింది కత్తులు అరిగిపోతే విడదీసి పారేస్తారు. ఒకటి తెచ్చుకున్నాను. సానపెట్టే మిషను ఎట్లా తిప్పాలో ఆంజి నేర్పినాడు. చివర తాకితే వెంట్రుక తెగుతుంది. వెనక గుడ్డ చుట్టి పిడి చేసినాను.

డిసెంబరు పది, వాని దగ్గరికి పిల్లలు వచ్చే మొదటి రోజు. నేను తువ్వాళ్ల బుట్ట ఎత్తుకొని పోతాను. ఆ తర్వాత నన్ను ఇక్కడ ఏం చేసినా నువ్వు ఏడవొద్దు. ఏడ్చేది అయిపోయింది.

మద్దమ్మ


మంగఫ్,
డిసెంబరు 12

ఆంజి నాయనా,

బతికే ఉన్నాను, జైల్లో లేను. మొదట ఆ మాట. మిగతాది కూర్చొని చదువు.

పదిమంది పిల్లలు వచ్చినారు. ఏడెనిమిదేళ్లవాళ్లు. అబ్బాస్ మెడలో ఈల. దాన్ని ఎట్లా పట్టుకోవాలో వానికి తెలియలేదు, రెండుసార్లు నోట్లోంచి జారింది. ఒక పిల్లోడు ఆపుకోలేక వచ్చి గుద్దుకుంటే వాని భుజం దానంతటదే లేచింది, తిరిగి గుద్దడానికి. సగంలో ఆపుకున్నాడు. ఇన్నేళ్లలో వాడు ఆపుకోవడం నేను చూడటం అదే మొదలు. ఆ చలిలో వాని మొఖమంతా చెమట.

తర్వాత అందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి మెడకు వేళ్లు పెట్టి చూసినాడు. గొంతుకు దెబ్బ తగలకుండా కట్టుకునే పట్టీ ఉంటుంది, అది ఉందా లేదా అని. చివర ఫరీదా అనే పిల్ల. మెడ బోడిగా ఉంది.

"పట్టీ ఏదీ?" అన్నాడు.

"మా అమ్మ ఉతికింది. ఇంకా ఆరలేదు."

అబ్బాస్ వెనక్కి తిరిగి కర్రను గట్టుకేసి కొట్టినాడు. రెండు ముక్కలైంది. పిల్లలు బిక్కచచ్చిపోయినారు. ఆ పిల్ల వెక్కుతా, "మా అమ్మను ఏమీ అనొద్దు" అన్నది. వాడు ఆమె ముందర మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మీ అమ్మది తప్పు కాదమ్మా. బోడి మెడ కనపడతా ఉంటే కర్రెత్తినోడిదే తప్పు," అన్నాడు. అరబ్బీలోనే అన్నాడు, తొమ్మిదేళ్ల నుంచి ఉన్నాను కదా, ప్రతి మాటా అర్థమైంది.

ఆంజి నాయనా, చెయ్యి రాని మాట ఇప్పుడు రాస్తున్నాను. జూన్‌లో ఆ రోజు మన ఆంజి మెడ కూడా బోడిగానే ఉంది. వానికి మెడంతా చెమటకాయలు లేచి మండుతున్నాయని, ఆ పట్టీ కంపు కొడుతున్నదని, పొద్దున నేనే లాక్కొని ఉతికినాను. రోజూ అయితే బయట ఎండకు అరగంటలో ఆరుతుంది. ఆ రోజు దుమ్ముగాలి. మళ్లీ మురికవుతుందని లోపల, ఐసు పక్కన తాడు మీద వేసినాను. ఆ చలిలో గుడ్డ ఆరదని తొమ్మిదేళ్లుగా ఉతికే నాకు తెలియదా? నా బిడ్డ నా ఒళ్లో తన్నుకుంటుంటే ఎదురుగా తాడు మీద నీళ్లు కారుతానే ఉంది అది.

అబ్బాస్ ఆ పిల్లకు చెప్పిన మాట నాకు చెప్పినట్టు తగిలింది. ఓర్చుకోలేకపోయినాను. నన్ను మన్నించేదానికి వాడెవడు? ఆట అయిపోయి పిల్లలు పోయినాక, గదుల సందులో వాడు ఎదురొచ్చినాడు. తువ్వాళ్ల కిందనుంచి తీసి పొడిచినాను. గొంతుకే ఎత్తినాను, చెయ్యి వణికి భుజంలో దిగింది. ఆ కత్తి నా అరచేతిని కూడా కోసింది. ఇద్దరి రక్తం ఒకే తువ్వాలు మీద పడింది.

రెండు వారాల కిందట మనిషి ముక్కు పగలగొట్టినవాడు గోడకు ఆనుకొని, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇంకోటి పొడువు, ఖాలా. చెయ్యెత్తను," అన్నాడు. ఖాలా అంటే ఇక్కడ పిన్నమ్మ.

"పట్టీ ఉతికింది నేనేరా!" అని అరిచినాను. "నేను! వాని తల్లిని!"

"తెలుసు," అన్నాడు. "ఆ రోజు ఆంజి చెప్పినాడు. అమ్మ ఉతికేసింది, మెల్లగా కొట్టు భాయ్, అమ్మకు మాత్రం చెప్పొద్దు, బాధపడుతుంది అన్నాడు. సరే అని మెల్లగానే కొట్టినా. పది కొడితే పదీ పట్టినాడు. పట్టి నవ్వినాడు. బండి తోలేవాడు నన్ను చూసి నవ్వినాడని నాకు రోషమొచ్చింది, ఖాలా. పదకొండోది అట్లా కొట్టినా."

పదికి పదీ పట్టినాడంట, నాయనా. నాకు చెప్పడానికి వానికి గొంతు మిగల్లేదు.

అడిగినవాళ్లకు స్కేటు మీద పడినానని చెప్పుకున్నాడు అబ్బాస్. ఏడు కుట్లు పడినాయి. వాని చొక్కా నేను చన్నీళ్లలో ఉతికినాను. మరక పూర్తిగా పోలేదు. వాణ్ని నేను మన్నించలేదు, మన్నించను కూడా. అయినా ఒక మాట చెప్పి వచ్చినాను. "ప్రతి బిడ్డకూ రెండు పట్టీలు తెప్పించు. ఒకటి మెడకు, ఒకటి తాడుకు. ఏ రోజైనా బోడి మెడ ముందర నువ్వు కర్రెత్తినావని తెలిస్తే, ఈసారి చెయ్యి వణకదు" అని. తల ఊపినాడు. అవి ఈ వారంలో వస్తాయి. పదిమందికీ నా చేతులతో ఒకసారి కట్టి, విమానం ఎక్కుతాను. ఆంజి పట్టీ నా పెట్టెలో ఉంది. అది ఎప్పుడో ఆరింది.

నన్ను ఇంట్లోకి రానిస్తావో లేదో నీ ఇష్టం. వచ్చేదాకా ఒకటి చెయ్యి. రేపటి నుంచి రెండు పిడికిళ్ల మన్ను తియ్యి. ఒకటి వాని పేరు చెప్పి పొయ్యి, ఒకటి నా పేరు చెప్పి పొయ్యి. ఒక్కణ్నే తిట్టొద్దు. నేను వచ్చినాక నా పిడికెడు నేనే పోసుకుంటాను.

ఆంజిని కన్నది,
మద్దమ్మ