పెరట్లో పుంజు ఉన్నన్నాళ్ళూ

చిన్నవాడికి నాన్న ఆశీస్సులు.

మూడు రోజులుగా ముసురు. పెరడంతా బురద. ఈ పూట కోళ్ళ గూడు కింద రెట్ట గీకించి, రంపపు పొట్టు పరిపించాను. చెయ్యలేదు, చేయించాను. ఎందుకంటే నా కుడిచెయ్యి కట్టులో ఉంది. ఈ ఉత్తరం కూడా నేను చెబుతుంటే మీ వదిన రాస్తోంది.

మన ఎర్రపుంజుకి పొగరెక్కింది. మొన్న పెరట్లో అడుగుపెట్టానో లేదో, వెనకనుంచి ఎగిరి తన్నింది. దాని కాలి ముల్లు నా చేతిలో దిగబడింది. కళ్ళజోడు రాతి మీద పడి పగిలింది. కర్ర ఎత్తితే ఇంకా మీదికొచ్చింది. ముప్ఫై ఏళ్ళు మేస్త్రీగా కూలీలని గడగడలాడించినవాణ్ణి, జానెడు లేదు, అది నన్ను పెరటి గుమ్మం దాటనివ్వడం లేదు. మీ అమ్మనీ వదిననీ మాత్రం ఏమీ అనదు. నువ్వు పశువుల ఆస్పత్రిలో కాంపౌండరువి కదా, దీనికేదైనా మందుంటే పంపు.

ఇక్కడ మీ వదిన నవ్వింది. అది కూడా రాయమన్నాను.

ఇట్లు,
నాన్న

తా.క. మరిదీ, ఇది నా మాట. మామయ్య లేచి వెళ్ళాక రాస్తున్నాను. నవ్వలేదు, దగ్గాను. మందుకి తొందరేమీ లేదు.

* * *

నాన్నకి నమస్కారాలు.

ఇక్కడా వానే. గొర్రెలకి గిట్టలు కుళ్ళుతున్నాయి, పొద్దుటినుంచి కడుగుతూనే ఉన్నాను.

పుంజుకి జబ్బేమీ లేదు. దాని లెక్కలో ఆ పెరడు దానిది, మీరు పరాయివాళ్ళు. మీదికొస్తే పారిపోకండి, తన్నకండి, కదలకుండా నిలబడండి. కర్ర చూస్తే రెచ్చిపోతుంది, కర్ర పక్కన పెట్టండి. రోజూ దాన్ని చంకలో ఇరికించుకుని, నెమ్మదించేదాకా పెరడంతా తిప్పండి. ముల్లు కొస ఆకురాయితో అరగదీయించండి.

మీ చిన్నవాడు

తా.క. వదినా, దగ్గుకి మందు మా ఆస్పత్రిలో ఉంది కానీ అది గేదెలకి.

* * *

చిన్నవాడికి నాన్న ఆశీస్సులు.

ముసురు విడవలేదు. పొట్టు మళ్ళీ మార్పించాను.

నీ ఉత్తరం మీ వదిన చదివి వినిపించింది. నీ చదువు మీద నమ్మకంతో చెప్పింది చెప్పినట్టు చేశాను. కర్ర అటక ఎక్కించాను. ఇంట్లో గొంతు పెంచొద్దన్నావు, పెంచడం లేదు. కంచం విసిరితే ఆ చప్పుడుకి పుంజు బెదిరిపోతుందన్నావు, విసరడం లేదు. కూరలో ఉప్పు తగ్గినా మాట్లాడకుండా తినాలన్నావు. ఆ సంగతి పుంజుకి ఎలా తెలుస్తుందో నాకు అంతుపట్టలేదు. అయినా తిన్నాను.

ఇంత చేసినా దాని పొగరు దానిదే. చంకలో పెట్టుకుని తిప్పే పని నువ్వు మీ వదినకే అప్పజెప్పావట, రోజూ తనే తిప్పుతోంది. అది ఆమె చంకలోంచి నన్నే చూస్తుంటుంది.

ఇట్లు,
నాన్న

తా.క. మరిదీ, అత్తయ్య మణికట్టు వాపు తగ్గింది. ఎందుకు వాచిందో నీకు చెప్పక్కర్లేదు, నువ్వూ ఈ ఇంట్లోనే పెరిగావు. మీ అన్నయ్య లారీ ఎక్కితే నెలకి గానీ దిగడు. పెద్దాయన గొంతు లేచిందంటే మేమిద్దరం పెరట్లోకి వెళ్ళిపోతాం. ఆయన గుమ్మం దగ్గర ఆగిపోతారు. కాసేపటికి పడుకుంటారు. మేం పుంజుకి ఒక గుప్పెడు ఎక్కువే వేస్తున్నాం. దయచేసి దానికి మందు కనిపెట్టకు.

* * *

వదినకి నమస్కారాలు.

గొంతు గురించీ ఉప్పు గురించీ నేనేమీ రాయలేదు. మందు చీటీలు చూసి రాసి రాసి నా రాత కోడి గీకినట్టయింది. నువ్వు పొరపడ్డావని నీమీద కోపం లేదు.

నువ్వు కింద రాసింది చదివాను. నాన్న సంగతి నాకు తెలియనిది కాదు, కానీ అది ఇంటి విషయం, ఇది కోడి విషయం. రెండూ కలపొద్దు. ఆ వయసులో ముల్లు పోటు చీము పట్టిందంటే చెయ్యే తీసెయ్యాలి. ఇలాంటివి నేను చూశాను.

అందుకని నాన్నకి విడిగా కార్డు వేశాను. కళ్ళజోడు లేకపోయినా కనపడేలా లావుగా రాశాను. ఆయన ఎలాగూ వీధి అరుగు మీదే కూర్చుంటారు, చేతికే అందుతుంది. చదివిపెట్టే శ్రమ నీకు తప్పింది.

నీ మరిది

* * *

నాన్నకి.

ఇక మందు లేదు. పుంజుని కోసెయ్యండి. చీకటి పడితే కోడికి కళ్ళు కనపడవు. గూట్లో ఉండగా పట్టుకోండి.

మీ చిన్నవాడు

తా.క. ముదురు పుంజు. బాగా ఉడకనివ్వండి.

* * *

చిన్నవాడికి నాన్న ఆశీస్సులు.

వాన తెరిపిచ్చింది. పెరడు ఆరుతోంది. గూడు ఈ రోజు నేనే శుభ్రం చేసుకున్నాను.

ఈసారి రాత నాదే. కట్టు విప్పేశాను గానీ వేళ్ళు సరిగ్గా ముడవడం లేదు, వంకరగా ఉంటే సర్దుకో. నీ కార్డు ఎవరి సాయం లేకుండా చదివాను. చాలా రోజులకి ప్రాణం లేచొచ్చింది.

గురువారం చీకటి పడగానే గూట్లో చెయ్యి పెట్టాను. కిక్కురుమనలేదు. దీపం చూపించమంటే మీ వదిన చూపించలేదు. కోసింది నేనే, ఈకలు పీకింది నేనే, పొయ్యి మీద పెట్టింది నేనే. మీ అమ్మ వంటింట్లోకి తొంగిచూడలేదు. వడ్డిస్తే ఇద్దరూ ముట్టలేదు. ఆ ఉప్పు సంగతి ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను కదా, అదీ ఇదీ కలిపి నాలుగు మాటలన్నాను. కర్ర దింపాను.

ఎప్పట్లాగే ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. ఈసారి నేనూ వెళ్ళాను.

మర్నాడు కూసేది లేదు కదా, లేచేసరికి ఎండ గడపలోకి వచ్చింది. పెట్టలకి గింజలు వేసి ఉన్నాయి, తొట్టిలో నీళ్ళు పోసి ఉన్నాయి. మనుషులు లేరు. నీ దగ్గరికి వచ్చి ఉంటారనుకున్నాను.

కూర ఇంకా ఉంది. నువ్వన్నది నిజమే, ఉడకలేదు.

ఇట్లు,
నాన్న

తా.క. పక్కింటి దర్జీ చూశాడట. మీ అమ్మా, మీ వదినా శుక్రవారం తెల్లవారుతుండగా మొదటి బస్సుకి వెళ్ళారు. అది నువ్వుండే వైపు వచ్చే బస్సు కాదు.