తాతయ్య స్కీకి పడ్డ గాటు

లిల్లెహామర్, ఫిబ్రవరి

తాతయ్యా, నేను క్షేమం. దెబ్బ తగిలింది, గీత పడకుండా తిరిగిమ్మన్న నీ స్కీకే! మంచు కింద రాయి తగిలి అడుగున జానెడు గాటు పడింది. వంటింటి బల్లమీద గాట్లు పూడ్చే ప్లాస్టిక్ పుల్ల వెలిగించి గాటులో చుక్కలు కారిస్తే, ఆరగానే పెచ్చులా ఊడొచ్చింది. ఇంటావిడ తూర్దిస్ ఒకటే నవ్వు: "జారడానికి పూసిన పాత మైనం తుడవకుండా పోస్తే ఎలా అంటుకుంటుందే, చదువుల తల్లీ?" తుడిచి, మళ్లీ పోసి, చల్లారాక గీకాను. 'నున్నన' అనే మాటకు అర్థం ఇవాళే నా వేలికి తెలిసింది! ఆదివారం స్కీ పందెంలో దిగేది దీనిమీదే.

నానమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఊలు మేజోళ్లు పంపమను.

ఈస్టర్‌కి స్కీలు తెస్తాను. కళ్లు మూసుకుని తడిమి చూడు. గాటు దొరికితే తిట్టు, దొరక్కపోతే నాకే ఇచ్చెయ్యి.

మీ ఇద్దరికీ ముద్దులతో,
ఇంగ్విల్